కరోనా నాటి అలవాట్లు మా తమ్ముడు ఇంకా వదల్లేదు. మీ ఇళ్లలో ఎలా ఉంది?

బెజవాడ అక్క అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ. మా తమ్ముడికి ఇరవై ఏడేళ్లు, ఆటిజం ఉంది. మాట్లాడతాడు, కానీ అవసరమైనంత వరకే. తేదీలు మాత్రం ఒక్కటీ మర్చిపోడు. మా ఇంట్లో ఎవరి పెళ్లి ఏ వారం అయిందో వాణ్ణి అడిగే చెప్పుకుంటాం.

విషయం ఏంటంటే, పొద్దున పాల ప్యాకెట్లు రాగానే వాడు ఇప్పటికీ సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డ మీద బోర్లించి, అవి ఆరాకే ఫ్రిజ్‌లో పెట్టనిస్తాడు. బయటికి వెళ్తే మాస్కు ఉండాల్సిందే, అదీ నీలం రంగు సర్జికల్ మాస్కే. కిరాణా కొట్టు దగ్గర ముందున్న మనిషికి బాగా ఎడంగా నిలబడతాడు. మధ్యలో ఎవరైనా దూరితే వెనక్కి జరుగుతాడు. అలా జరిగి జరిగి రోడ్డు మీదికి వచ్చేస్తాడు, నాకు గుండె ఝల్లుమంటుంది. 2020లో ఆ కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. అవి ఎప్పుడో చెరిగిపోయాయి గానీ ఎక్కడెక్కడ ఉండేవో వాడికి ఇప్పటికీ తెలుసు.

కరోనాకి ముందు రోజూ సాయంత్రం నాన్నతో ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి, కృష్ణ మీద బ్రిడ్జి దాటే రైళ్లు చూసి వచ్చేవాడు. 2021 మే 5న మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టారు కదా, అప్పటి నుంచి మధ్యాహ్నం దాటితే గడప దిగడు. ఎత్తేశారురా అని ఎంతమంది చెప్పినా "పన్నెండు అయింది" అంటాడు, అంతే.

వచ్చే నెల మా పెదనాన్న గారబ్బాయి పెళ్లి. రాత్రి ముహూర్తం. "మాస్కు పెట్టుకుని ఫొటోల్లో నిలబడతాడా, ఇప్పటి నుంచే మాన్పించండి" అని మా అత్త పట్టుబట్టింది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. డాక్టర్ సలహా వేరే తీసుకుంటాను. నాకు అనుభవం ఉన్నవాళ్ల మాట కావాలి. ఆ రోజులు మీ పిల్లలకి ఎలా గడిచాయి? ఆటిజం ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే మీకెలా గడిచాయి? ఈ అలవాట్లు మాన్పించాలా, వదిలేయాలా?

సీతాఫల్‌మండి అమ్మ:

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కనపడింది. మా వాడికి మాటలు రావు. కరోనా వచ్చినప్పుడు పన్నెండేళ్లు. వాడికి ప్రాణం మా హైదరాబాద్ లోకల్ రైలు, ఎంఎంటీఎస్. ప్రతి ఆదివారం వాళ్ల నాన్న సీతాఫల్‌మండిలో ఎక్కించి ఫలక్‌నుమా దాకా తీసుకెళ్లి తీసుకొచ్చేవారు. వారమంతా ఆ ఆదివారం కోసమే ఉండేవాడు. 2020 మార్చిలో ఆగిన ఆ రైలు మళ్లీ 2021 జూన్ 23న గానీ కదల్లేదు. అన్ని నెలలు ఆదివారం రాగానే చెప్పులు తెచ్చి వాళ్ల నాన్న ఒళ్లో పెట్టేవాడు. రైలు లేదు అనే మాటని మాటలు లేని పిల్లాడికి ఎలా చెప్తాం? తల గోడకి కొట్టుకునేవాడు. గోడకి దిండు కట్టాను. కింద వాటా వాళ్లు చప్పుడు అని పైకి వచ్చి అరిచారు.

మా ఆయన ఉండబట్టలేక స్కూటర్ మీద స్టేషన్ గేటు దాకా తీసుకెళ్లేవారు. దారిలో పోలీసులు ఆపితే వాడి వైకల్యం రాసి ఉన్న సదరం సర్టిఫికెట్ జిరాక్స్ చూపించేవారు. కొందరు చదివి వదిలేసేవారు, ఒకాయన నీళ్ల సీసా కూడా ఇచ్చాడు. కొందరు "పిల్లాడు చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా" అని వెనక్కి పంపేవారు. మా వాడు మూసిన గేటు ఊచలు పట్టుకుని కాసేపు ఊపి, పట్టాల వైపు చూసి, తనే వచ్చి స్కూటర్ ఎక్కేవాడు. ఆ కాసేపు చాలు, ఆ రోజుకి అన్నం తినేవాడు.

థెరపీ ఫోన్లోకి మారింది. మేడమ్ వీడియోలో కనపడగానే వాడు ఫోన్ తిప్పి వెనక వైపు చూసేవాడు, ఆవిడ అక్కడ ఉందేమోనని. ఇలా కాదని ఆవిడ నాకే నేర్పడం మొదలుపెట్టింది. కందిపప్పు, పెసరపప్పు కలిపి గిన్నెలో పోసి వేరు చేయించడం, చెంబుతో నీళ్లు ఒలకకుండా పోయించడం, చపాతీ పిండి పిసికించడం. అంతకుముందు సెంటర్లో తలుపు అవతల ఏం చేయిస్తున్నారో నాకు తెలిసేదే కాదు. ఇప్పుడు మా వాడు ఇంట్లో చపాతీలు ఒత్తుతాడు, గుండ్రంగా కూడా వస్తాయి. ఆ రోజుల్లో నాకు దక్కింది అదొక్కటే. జుట్టు సంగతి మాత్రం చెప్పలేను. సెలూన్లు మూసేశారు, ట్రిమ్మర్ చప్పుడు వాడికి పడదు, నిద్రపోయాక కత్తెరతో రోజుకి ఒక వైపు కత్తిరించేదాన్ని.

పాల ప్యాకెట్లు కడిగితే కడగనీ అమ్మా, ఎవరికి నష్టం? రోడ్డు మీదికి జరగడం గురించి మాత్రం నాకూ భయంగానే ఉంది.

హబ్సిగూడ వాసి:

అక్క గారూ, నేను ఆటిస్టిక్‌ని. ముప్పై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో అమ్మతో ఉంటాను, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాకు ఆటిజం ఉందని తెలిసింది 2018లో, అప్పటికే ఉద్యోగంలో ఉన్నాను. మీ తమ్ముడి తరఫున నేను మాట్లాడలేను, ఆయన వేరు, నేను వేరు. కానీ ఆయన చేస్తున్న వాటిలో ఒకటి నాకు బాగా అర్థమైంది. అది చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం రాయాలి.

"మీకు ఇంట్లో ఉండటమే ఇష్టం కదా, లాక్‌డౌన్ హాయిగా గడిచి ఉంటుంది" అని నాతో చాలామంది అన్నారు. మొదట్లో నిజంగానే హాయిగా ఉంది. మెట్రోలో భుజాలు తగలడం లేదు. ఆఫీసులో నెత్తి మీద ట్యూబులైట్ల గుయ్యిమనే చప్పుడు లేదు, ఒక్కొక్కరి సెంటు వాసన లేదు. మధ్యాహ్నం అందరితో కూర్చుని ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తెలియక నవ్వే పని లేదు. పని అంతా చాట్‌లో రాతగా వచ్చేది. రాసిన మాటని నేను రెండుసార్లు చదువుకోగలను, అన్న మాటని రెండోసారి వినలేను. నా పనిలో తప్పులు తగ్గాయని మా మేనేజర్ కూడా గమనించారు.

నన్ను పడగొట్టింది ఇంట్లో ఉండటం కాదు, తేదీలు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో వచ్చి, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు అన్నారు. నాలుగు గంటల్లో దేశం మారిపోయింది. సరే, 21 అంటే 21, క్యాలెండర్‌లో ఏప్రిల్ 14 చుట్టూ గీత గీసుకున్నాను. ఆ రోజు రానే వచ్చింది, లాక్‌డౌన్ మే 3కి జరిగింది. ఇది కాక మా తెలంగాణ లెక్క వేరు. కేంద్రం మే 3 అంటే ఇక్కడ మే 7 అన్నారు, కేంద్రం మే 17 అంటే ఇక్కడ మే 29 అన్నారు. ఏ తేదీ నమ్మాలి? మిగతావాళ్లకి అది "ఇంకో రెండు వారాలట" అనే ఒక వార్త. నేను మాత్రం ఆ తేదీ తర్వాతి రోజులన్నీ ముందే వరసగా పేర్చి పెట్టుకుని ఉంటాను. ఏ రైలు, ఏ చొక్కా, డబ్బాలో ఏ కూర, అన్నీ. ఒక తేదీ జరిగితే అవన్నీ కూలిపోతాయి. మే నెలలో నాకు మాట రావడం ఆగిపోయింది. కోపం కాదు, అలక కాదు. గొంతు దాకా వచ్చి మాట బయటికి రాదు. అమ్మ తన చిన్నప్పటి పలక వెతికి తీసి "అన్నం / చపాతీ" అని రాసి పట్టుకునేది, నేను వేలు పెట్టేవాణ్ణి. మా అమ్మకి దీని గురించి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది.

చప్పుళ్లూ అంతే. మార్చి 22 సాయంత్రం 5 గంటలకి పళ్లేలు, గంటలు కొడతారని ముందే చెప్పారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని బాత్రూంలో కుళాయి తిప్పి కూర్చున్నాను, ఏమీ కాలేదు. ఏప్రిల్ 5 రాత్రి 9కి దీపాలు పెట్టండి అన్నారు. దీపాలే కదా అని బాల్కనీలో నిలబడ్డాను. మా వీధిలో బాంబులు పేల్చారు. ఆ రాత్రి మంచం కింద నుంచి తెల్లవారాక గానీ బయటికి రాలేదు. మొదటి దాని కంటే రెండోది పెద్ద చప్పుడేమీ కాదు. మొదటిది ముందే తెలుసు, రెండోది తెలియదు, అంతే తేడా.

మాస్కు గురించి రెండు మాటలు. చెవులకి పట్టే ఎలాస్టిక్ నాకు పడలేదు. చెవి వెనక ఆ ఒరిపిడి తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయేవాణ్ణి. అమ్మ పాత లుంగీ గుడ్డతో తల వెనక ముడి వేసుకునే మాస్కులు కుట్టింది. పెదాలు కనపడకపోతే ఎదుటివాళ్ల మాట నాకు సగమే అందుతుంది. బ్యాంకులో అద్దం వెనక, మాస్కు వెనక ఉన్నావిడ ఏం అడుగుతోందో తెలియక కాగితం మీద రాసి ఇమ్మన్నాను. అయినా మాస్కు నాకు మేలు చేసింది. ముఖంలో ఏ భావం పెట్టాలి అన్న టెన్షన్ పోయింది. "ఏంటి, ఎప్పుడూ సీరియస్‌గా ఉంటావు" అని ఎవరూ అనలేదు. కూరల బండి దగ్గర వెనక నుంచి ఒకరు ఆనుకోవడం మానేశారు. మీ తమ్ముడు గుండ్రాలని ఎందుకు వదలడం లేదో నాకు తెలుసు. క్యూలో ఎక్కడ నిలబడాలో నేల మీద గీసి చూపించింది మన జీవితాల్లో అదొక్కసారే.

2021 ఏప్రిల్‌లో నాకూ, అమ్మకీ కరోనా వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టే అబ్బాయి "పది లెక్కపెడతాను, పది అనగానే తీసేస్తాను" అన్నాడు. అన్నట్టే తీశాడు. ఆ అబ్బాయికి ఈ రోజుకీ నమస్కారం పెడతాను. తర్వాత వాసన పోయింది. నాకు వాసనలు చాలా గట్టిగా తగులుతాయి, పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తే నేను కిటికీలు మూసేస్తాను. కాబట్టి వాసన పోతే సుఖమే అనుకుంటారు. కానే కాదు. గిన్నె మూత తీయగానే అది ఏమిటో, ఎప్పుడు వండిందో, నేను తినగలనో లేదో నాకు చెప్పేది వాసనే. అది పోయాక పెరుగన్నం కూడా నోట్లో మెత్తగా, చల్లగా, ఏదో తెలియని వస్తువు. ఉమ్మేసేవాణ్ణి. చివరికి వంటింటి గుమ్మంలో స్టూల్ వేసుకుని కూర్చుని, అమ్మ వండుతుంటే వినేవాణ్ణి. ఆవాలు చిటపటలాడాయి, చింతపండు నీళ్లు పడి చుయ్యిమన్నాయి, ఇది చారు. విన్నదే తినేవాణ్ణి. జ్వరంలో కూడా అమ్మ నా కోసం పొయ్యి దగ్గర ప్రతి పనీ నెమ్మదిగా, ఒక్కొక్కటిగా చేసింది.

ఆఫీసు తెరవడం గురించి ఎక్కువ రాయను. 2022లో రమ్మన్నారు. వెళ్తే ఎవరి కుర్చీ వాళ్లది కాదు, ముందు వచ్చినవాళ్లకి నచ్చిన చోటు అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉందని గుర్తుచేస్తూ ఉత్తరం రాశాను. చాలా వారాల తర్వాత గోడ పక్క సీటు ఒకటి నా పేరున రాసిచ్చారు. మూసినప్పుడు నాలుగు గంటలైనా టైమ్ ఇచ్చారు. తెరిచినప్పుడు మాలాంటివాళ్లు మళ్లీ అలవాటు పడటానికి ఏం కావాలో ఎవరూ అడగలేదు. నాకు మొత్తంలో అదే ఎక్కువ కష్టమైంది.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. లాక్‌డౌన్ మొదలైందని టీవీలో చెప్పారు, తేదీ చెప్పారు, గంట చెప్పారు. అయిపోయిందని అలా ఏ రాత్రీ ఎవరూ వచ్చి చెప్పలేదు. జనం ఒకరిని చూసి ఒకరు మాస్కు గడ్డం కిందికి జార్చారు, తర్వాత జేబులో పెట్టారు, తర్వాత మర్చిపోయారు. ఒకరిని చూసి ఒకరు తెలుసుకునే ఆ దారి మాకు దొరకదు. ఆయనకి రూలు అందింది, దాన్ని ఎత్తేసిన సంగతి అందలేదు. "ఎత్తేశారురా" అని మీరు చెప్తే అది ఇంట్లోవాళ్ల మాట అవుతుంది, ప్రకటన అవ్వదు.

అందుకని తేదీ ఇవ్వండి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మీ కర్ఫ్యూ మొదలైంది కూడా మే 5నే, సరిగ్గా రెండేళ్ల ముందు. తేదీలు ఇష్టపడే మనిషికి ఇది ఊరికే పోదు. ఆ రోజు తెలుగు పేపర్లో వచ్చిన వార్త ప్రింట్ తీయండి. మీ ఊళ్లో కర్ఫ్యూ ఎత్తేసిన వార్త కూడా పాత పేపర్లలో దొరుకుతుంది. రెండూ చేతికివ్వండి, వివరించకండి, చదువుకోనివ్వండి. వైరస్ పూర్తిగా పోయిందని మాత్రం చెప్పకండి. అది నిజం కాదు, ఆయన ఎక్కడో చదివితే మీ మీద నమ్మకం పోతుంది.

కొట్టు ముందు గుండ్రం మళ్లీ గీయించండి. ఒక్కటి చాలు, రోడ్డుకి దూరంగా, పక్కగా. కొట్టాయన ఒప్పుకుంటాడు, సుద్దముక్క ఖర్చే కదా. పాలు కడగడం వదిలేయండి.

మాస్కు పెళ్లి కోసం తీయించకండి. రాత్రి పెళ్లంటే సన్నాయి, డోలు, లైట్లు, మల్లెపూలు, సాంబ్రాణి పొగ, తెలియని మనుషులు బుగ్గలు పట్టుకోవడం. ఆ మాస్కు వల్లే ఆయన ఆ పందిట్లో గంటసేపు ఉండగలరేమో. ఫొటోలో మాస్కుతో ఉన్న తమ్ముడు కావాలా, ఫొటోలోనే లేని తమ్ముడు కావాలా అని మీ అత్తగారిని అడగండి.

రెడింగ్ నుంచి:

హబ్సిగూడ తమ్ముడూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఇక్కడ 2020 మార్చి 23న లాక్‌డౌన్ పెట్టి, వ్యాయామానికి రోజుకి ఒక్కసారే బయటికి అన్నారు. మా అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు, ఆటిజం. రోజుకి ఒకసారి అని విన్నాక, ఆ ఒక్కసారి అయిపోతుందేమో అన్న భయంతో అసలు వెళ్లడమే మానేసింది. ఏప్రిల్ 8న ఆటిజంలాంటివి ఉన్నవాళ్లు అవసరమైతే ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లచ్చని ప్రభుత్వం రాతపూర్వకంగా మార్చింది. ఆ పేజీ ప్రింట్ తీసి నా కోటు జేబులో పెట్టాను. అది ఉందా లేదా అని తనే జేబు తడిమి చూసుకుని బయల్దేరేది. కాబట్టి ప్రింట్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

మాకు ఇంకో బాధ తిండి. తను తినేది ఒకే కంపెనీ, ఒకే ఆకారం పాస్తా. జనం ఎగబడి కొనేయడంతో షాపుల్లో అరలు ఖాళీ. మా వీధిలో తెలుగువాళ్లు, పంజాబీవాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కడ కనపడితే అక్కడ ఆ ప్యాకెట్ కొని మా గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. తలుపు కొట్టేవారు కాదు, కొడితే తను భయపడుతుందని వాళ్లకి తెలుసు.

బెజవాడ అక్క:

అందరికీ చాలా థాంక్స్ అండి. అన్నా, మీరు రాసింది నాన్నకి, అత్తకి ఇద్దరికీ చదివి వినిపించాను. అత్త ఏమీ మాట్లాడలేదు, కానీ ఇవాళ పెళ్లి బట్టలకి వెళ్లినప్పుడు వాడి కోసం మాస్కుల పెట్టె తనే కొని తెచ్చింది.

రెండు వార్తలూ ప్రింట్ తీసి ఇచ్చాను. ఇంకేమీ చెప్పలేదు. వాడు చాలాసేపు చదివాడు. "మే 5, శుక్రవారం" అన్నాడు. తర్వాత "మరి టీవీలో?" అని అడిగాడు. ఆ రోజు వార్తల వీడియో వెతికి చూపించాను, పక్కన తేదీ కనపడేలా. మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. నిన్న నాలుగు గంటలకి గేటు దాకా వచ్చాడు, గొళ్లెం మీద చెయ్యి వేశాడు, లోపలికి వెళ్లిపోయాడు. నేను ఏమీ అనలేదు. ఇవాళ రాలేదు. తొందర పెట్టను. పాలు యథావిధిగా కడుగుతున్నాడు.

కొట్టాయన సుద్దముక్క కాదు, పెయింటే వేస్తానన్నాడు.

సీతాఫల్‌మండి అమ్మ:

చాలా సంతోషం అమ్మా. హబ్సిగూడ బాబూ, ఒకటి అడగనా? ఇప్పుడు కూడా ఆదివారాలు పట్టాల పనులని ఎంఎంటీఎస్ రద్దు చేస్తుంటారు. స్టేషన్‌కి వెళ్లాక తెలిస్తే మా వాడు అక్కడే పడిపోతాడు. మాటలు రాని పిల్లాడికి తేదీ, ప్రింట్ ఎలా ఇవ్వను? వాడికి చదవడం రాదు.

హబ్సిగూడ వాసి:

అమ్మా, చదవక్కర్లేదు. ఆయన ఎక్కే రైలు ఫొటో ఒకటి, మూసిన స్టేషన్ గేటు ఫొటో ఒకటి తీసి లామినేషన్ చేయించండి. గేటు ఊపిన పిల్లాడికి గేటు అంటే ఏమిటో మన కంటే బాగా తెలుసు. రద్దు సంగతి రైల్వేవాళ్లు సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే చెప్తారు. శనివారం రాత్రి చూసి, ఏది నిజమో ఆ ఫొటో చెప్పులు పెట్టే చోట పెట్టండి. గేటు ఫొటో పెట్టిన రోజు దాని పక్కనే ఇంకో ఫొటో కూడా ఉండాలి, రైలు బదులు ఆ రోజు ఏం చేస్తారో అది. స్కూటరో, చపాతీ పిండో. రైలు లేదని మాత్రమే చెప్పి వదిలేస్తే ఆ రోజంతా ఆయనకి ఖాళీ.

రైలు ఉన్న ఆదివారాలు కూడా ఫొటో పెట్టడం మానకండి. లేని రోజే పెడితే, ఫొటో కనపడగానే భయం మొదలవుతుంది.